ఏ అలవాటూ లేని మాస్టారు

ముందు కత్తెర వినిపించేది. మనిషి ఆ తర్వాత.

విజయనగరం కోట వెనక సందులో పాల బండి కూడా తిరగని వేళ, కింది వాటాలో కత్తెర మేలుకునేది. మొదట పొట్టి పొట్టి చప్పుళ్ళు. కరుక్, కరుక్, ఆగడం. గుడ్డను కొరకబోయి భయపడి వదిలేసినట్టు. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం కూడా వినిపించేది, వానకు ముందు ఆకులు ఊపిరి బిగబట్టినట్టు. మళ్ళీ మొదలయ్యేసరికి అది వేరే కత్తెర. పొడుగ్గా, మెత్తగా, బల్ల ఆ కొస నుంచి ఈ కొసకి ఒకే ఊపిరితో జారి వచ్చేది, వేసవిలో చంపావతి ఏటి ఇసుక మీద సన్నటి నీటిపాయ కదిలినట్టు.

పై వాటాలో అద్దెకుండే శైలజ ఆ చప్పుడుకే లేచేది. ఆమె డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుంది. నలభై రెండేళ్ళు. ఒంటరిది. చేరిన కొత్తలో ఆ రెండు చప్పుళ్ళూ ఇద్దరు మనుషులవి అనుకుంది. పని నేర్చుకుంటున్న వాళ్ళెవరో ముందు తడబడుతుంటే, మాస్టారు వచ్చి కత్తెర అందుకుంటున్నాడు కాబోలు అనుకుంది.

కాజాలు కుట్టే రాణిని ఓసారి మెట్ల దగ్గర అడిగింది.

"ఇంకొకరా? ఆ గదిలోనా?" రాణి పళ్ళ మధ్య దారం తెంపుతూ నవ్వింది. "కటింగు ఏళ మా మాస్టారు ఈగని కూడా రానివ్వరు టీచరమ్మా. తలుపు గెడేసీసుకుంటారు. ఆ కటింగు ఇంకొకడి కంట పడకూడదంట. నాను పదారేళ్ళ నుంచి ఇక్కడ సేస్తన్నాను. ఆ బల్ల మీద ఆయన సెయ్యి ఎలగ తిరుగుతాదో ఇంతవరకు సూడనేదు."

శైలజ పైకి వచ్చేసింది. రెండు కత్తెరలూ ఒక్క చేతివే అయితే, ఆ మధ్యలోని నిశ్శబ్దం ఏమిటో ఆమెకు తెలుసు. అది ఆమె ఇంట్లో పదకొండేళ్ళు కాపురం చేసింది.

ఆమె భర్త వినోద్ బ్యాంకు మేనేజరుగా చేశాడు. ఇస్త్రీ మడత చెదరని మనిషి. అతని నిశ్శబ్దం బాత్‌రూమ్ కుళాయి చప్పుడుకీ, గడ్డం లోషన్ వాసనకీ మధ్య ఉండేది. అతను పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే గీజరు వెనక, పాత చెప్పుల డబ్బాల్లో, ఆఖరికి వ్రతం సామాను దాచిన అట్టపెట్టెలో కూడా సీసాలు దొరికాయి. పక్కన పడుకున్న మనిషి ఎవరో ఆమెకు ఆ ఖాళీ సీసాలు చెప్పాయి. తాగుబోతు అంటే వైన్ షాపు ముందు లుంగీ జారి పడిపోయినవాడనే ఆమె అప్పటిదాకా అనుకుంది. నిటారుగా నడిచి, పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి, పనిలో ఒక్క తప్పు కూడా చేయనివాడు లోపల్లోపల మునిగిపోతుంటాడని ఆమెకెవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు.

కింద ఉన్నాయన పేరు నరసింగరావు. గజపతినగరం దగ్గర ఓ పల్లెలో గోగు, నువ్వులు పండించే రైతు కొడుకు. పదిహేనో ఏట మేనమామ తెచ్చి విజయనగరంలో ఓ దర్జీ కొట్లో కూర్చోబెట్టాడు. నాలుగేళ్ళు వట్టి కాజాలే. తర్వాత మిషను. ఆ తర్వాత కత్తెర. ఇప్పుడు యాభై నాలుగేళ్ళు. ఇక్కడొక కొట్టు, గజపతినగరంలో ఒకటి. శ్రీకాకుళంలో అరసవల్లి రోడ్డు మీది కొట్టు కొడుకు ధర్మేంద్ర చూసుకుంటాడు. ఇరవై బడుల యూనిఫారాలు ఆయన బల్ల మీదనే తెగుతాయి. పెళ్ళికొడుకు సూటు ఆయన కుడితే సరిచేయించుకోవడానికి తిరిగి వచ్చినవాడు లేడు. టేపు తీసేలోపే ఆయన కన్ను కొలిచేస్తుందనేవారు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆయనకు ఏ అలవాటూ లేదన్న పేరు ఇంకో ఎత్తు. దర్జీల సందులో శనివారం సాయంత్రానికి సగం మంది తూలుతారు, సోమవారం సగం మిషన్లు పడుకుంటాయి. అలాంటి చోట, సిగరెట్టు కూడా ముట్టని మాస్టారు. "ఆయన్ని సూసి నేర్సుకోరా" అని ఆడవాళ్ళు మొగుళ్ళను దులిపేటప్పుడు వాడే పేరు ఆయనది.

శైలజ ఒక ఏడాదిపాటు చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది. ఎవరైనా టీ తెస్తే "అక్కడెట్టండి, సల్లారనీ" అనేవాడు. గ్లాసు మీద మీగడ కట్టి ముడతలు పడేదాకా ముట్టేవాడు కాదు, ఎదుట మనుషులుంటే. పొద్దున్న పూట సూదిలో దారం రాణి చేతే ఎక్కించుకునేవాడు, చత్వారమని. సంతకాలన్నీ మధ్యాహ్నం మీద పెట్టేవాడు. పెళ్ళిళ్ళకు వెళ్ళి, అక్షింతలు వేసి, భోజనాలకు ముందే వచ్చేసేవాడు. మాస్టారికి పనంటే అంత పిచ్చి అనేవారు. కారుండి కూడా శ్రీకాకుళానికి ఆర్టీసీ బస్సులో వెళ్ళేవాడు. ఎంత సాదాసీదా మనిషి అనేవారు. నోట్లో ఎప్పుడూ లవంగం. ఆయన దాచుకున్న ప్రతిదానికీ ఊరే ఓ మంచి పేరు పెట్టి ఇచ్చేది.

ఆ కార్తీకంలో ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు.

మూడో రోజు సాయంత్రం కింది హాల్లో భజన. శైలజ గుమ్మం దగ్గర నిలబడింది. నల్లబట్టల్లో నరసింగరావు ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. చలిగాలి వీస్తున్నా ఆయన వీపు మీద చొక్కా తడిసి అంటుకుపోయింది. మొదట వేళ్ళు వణికాయి. తర్వాత మోచేతులు, గడ్డం. ఉన్నట్టుండి ఆయన రెండు చేతులూ పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, గాలిలోంచి కనపడని వాటిని వేటినో ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టాడు. పట్టుకుని, లాగి, జాగ్రత్తగా పక్కన పెడుతున్నాడు. కళ్ళు ఎవరినీ చూడడం లేదు.

"స్వామి ఒచ్చీసినాడు!" అని ఎవరో అరిచారు. తాళాలు జోరందుకున్నాయి. శరణుఘోష పైకప్పును తాకింది. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకొచ్చి ఆయన పాదాలకు ఆనించారు. దర్జీల సంఘం అధ్యక్షుడు శివాజీ బోర్లా పడి మొక్కాడు.

మాస్టారి భార్య పద్మకుమారి మాత్రం మొక్కలేదు. జనాన్ని తోసుకుని వచ్చి, "తీర్థం పట్టిస్తాను, తప్పుకోండి" అని ఆయన్ని లోపలికి నడిపించుకుపోయింది. పావుగంటకు ఆయన తిరిగి వచ్చాడు. చేతులు నిండుకుండలో నీళ్ళంత నిలకడగా ఉన్నాయి.

"సూసినావా, సాంతించీసినాడు" అన్నాడు శివాజీ, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు డాబా మీద పద్మకుమారి నల్లపంచెలు ఆరేస్తోంది. శైలజ పక్కన నిలబడి తీగ పట్టుకుంది.

"అక్కా, నిన్న తీర్థంలో ఏమిచ్చారు?"

"ఏటిస్తాను? తులసి నీళ్ళు."

"మా ఆయన కూడా అలాగే వణికేవారు. అప్పుడు జ్వరమనుకున్నాను. తాగుడు మానబోయి రెండో రోజో మూడో రోజో అలా అయ్యేదని ఆయన పోయాకే తెలిసింది."

పద్మకుమారి పంచెను ఒక్క దులుపు దులిపింది. నీటిచుక్కలు శైలజ ముఖాన పడ్డాయి. "నీ మొగుడు అలాటోడని అందరి మొగుళ్ళూ అలాటోళ్ళేటి టీచరమ్మా? స్వామి ఒంటి మీదికొస్తే దానికి కూడా వంకలేటి?"

బకెట్టు తీసుకుని మూడు మెట్లు దిగింది. ఆగింది. మళ్ళీ ఎక్కి వచ్చింది. ఇప్పుడామె గొంతు వేరే మనిషిది.

"నానే పోసినాను. గుక్కెడు. ఆయన మెడలో మాలున్నాది, ఎదురుగా దేవుడున్నాడు, అవతల అంతమంది శరణాలు కొడతన్నారు. పొయ్యకపోతే మనిషి పోతాడనిపించింది. ఆయన తాగినారని కాదమ్మా, నాను పోసినానని ఆ దేవుడు నన్ను సూస్తన్నాడు." కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి పోయాక కూడా. "ఎవరికీ సెప్పకు. ఈ ఇంట్లో ఆ మాట ఇంతవరకు ఎవరూ అననేదు. ఆయనకీ నాకూ మధ్యన కూడా అననేదు."

తీగ మీద నల్లపంచె గాలికి ఊగుతూ, ఇద్దరి మధ్యా తలుపులా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంది.

ఫిబ్రవరిలో శివాజీ మెట్లెక్కి పైకి వచ్చాడు. దర్జీల సంఘం మాస్టారికి సన్మానం చేస్తోంది. సన్మాన పత్రం శైలజ రాయాలి.

"సదూతంటే జనం ఏడిసీయాలి టీచరమ్మా. అలగని మరీ కఠినంగా రాయకు. మొన్నోపాలి మా బావకి ఎవరి సేతో రాయించినాం. ఆడికి అందులో సగం ముక్కలు అర్తం కాక, నన్ను తిట్టించినావేట్రా అని మూడు రోజులు నాతో మాటాడనేదు."

శైలజకు నవ్వు వచ్చింది. శివాజీ వేలెత్తాడు.

"ఒక్క ముక్క మాత్రం మరిసిపోకు. మందు వాసన కూడా ఎరగని మనిషని. అది పెద్ద పెద్ద అచ్చరాల్లో ఉండాలి. వంద కాపీలు తీయించి జిల్లాలో కొట్టుకొకటి గోడకి కొట్టీస్తాను. ఎదవలు పొద్దున్న లెగిసి మిషను తొక్కేటప్పుడు దాన్నే సూడాలి. ఇప్పటికే అందరికీ సెప్పీసినాను."

అతను వెళ్ళాక ఆమె రాసింది. గోగుచేల నుంచి వచ్చిన పిల్లవాణ్ణి రాసింది, కాజాల నాలుగేళ్ళు రాసింది, ఏ ఒంటికి ఏ కొలతో ఎరిగిన కన్ను గురించి రాసింది. ఆ ముక్క మాత్రం రాయలేదు. ఆమె భయం, గుట్టు బయటపడుతుందన్న పద్మకుమారి భయం కాదు. ఇవాళ కాకపోతే రేపైనా ఆ మనిషి ఏ డాక్టరు ముందో కూర్చుని నిజం చెప్పుకోవాలి. వంద గోడల మీద నుంచి తన మంచితనమే తనని చూస్తుంటే ఏ గుమ్మం ఎక్కగలడు? ఆ ముక్క లేకపోతే ఒక సందు మిగులుతుంది. మనిషి పట్టేంత సందు. వినోద్‌కి ఆమె అది మిగల్చలేదు. "మావారికి ఏ అలవాట్లూ లేవు" అని ఆమే అందరికీ చెప్పుకు తిరిగింది.

శివాజీ వచ్చి చదివి, ముఖం ముడుచుకుని, సరాసరి కిందికి పోయాడు.

మర్నాడు తెల్లవారకముందే కత్తెర లేచింది. కరుక్, కరుక్. ఆగింది. ఆ ఆగిన చోటే శైలజ కిందికి దిగి తలుపు తట్టింది.

గెడ తీయడానికి చాలాసేపు పట్టింది. గదిలో మేకులకు వేలాడదీసిన గోధుమరంగు కాగితపు కొలతలు, చేతులూ కాలర్లూ, మనుషులు విడిచి వెళ్ళిన ఆకారాల్లా ఉన్నాయి. సుద్దపొడి దీపం వెలుగులో తేలుతోంది. బల్ల కింద లైనింగు గుడ్డల చాటున స్టీలు ఫ్లాస్కు, మూత తీసి ఉంది.

"పత్రం గురించేనా అమ్మా?" అన్నాడు నరసింగరావు. చేతులు గుడ్డ కింద దాచుకున్నాడు. "శివాజీ సెప్పినాడు. ఒక ముక్క తక్కువైందంట."

"ఆ ముక్క నేను రాయను మాస్టారూ."

"ఎందుకని అడగమంటావేటి?"

"అక్కర్లేదు. రెండు కత్తెరలూ నాకు పైకి వినిపిస్తాయి."

ఆయన తల వంచుకున్నాడు. తర్వాత నవ్వాడు, గుడ్డ చిరిగినంత చిన్నగా. "ముప్పై ఏళ్ళు ఈ తలుపేసుకున్నాను. సందులన్నీ మూసీసినాననుకున్నాను. పైన సెవులున్నాయని తెలీనేదు."

ఆ తర్వాత ఆయనే చెప్పాడు, ఎవరో తరుముతున్నట్టు గబగబా. పాతికేళ్ళ వయసులో ఒక షావుకారి కొడుకు పెళ్ళిసూటు గుడ్డ. మళ్ళీ దొరకని గుడ్డ. కత్తెర పెట్టాలంటే చేయి వణికింది. అప్పటి కొట్టు యజమాని ఒక మూతెడు పోసి ఇచ్చాడు. "మొట్టమొదటిపాలి సెయ్యి నా మాటిన్నాది. ఆ సూటు సూసి జనం నన్ను మెచ్చుకున్నారు. ఆళ్ళు మెచ్చుకున్నది నన్నో, ఆ మూతెడునో, ఇప్పటికీ తెలీదమ్మా. ఇప్పుడది లేకపోతే సెయ్యి నాది కాదు."

"భజన రోజున మీకు వచ్చింది..."

"దేవుడు కాదు. తెల్సు. మొక్కినోళ్ళకి తెలీదు. ఆవేళ నాకేటి కనబడ్డాదో తెల్సా? దారాలు. హాలంతా దారాలు. ఏరతన్న కొద్దీ వస్తన్నాయి."

"మీ అంతట మీరు ఒక్కసారిగా మానితే అలాగే అవుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. దగ్గరుండి మాన్పించే డాక్టరు వైజాగులో ఉన్నారు. మిమ్మల్నెవరూ ఎరగరు అక్కడ. గుడ్డ కొనడానికని చెబుదాం. నేనూ వస్తాను."

నరసింగరావు చాలాసేపు సుద్దముక్కను వేళ్ళ మధ్య దొర్లించాడు. అది పొడిపొడిగా రాలుతోంది.

"వస్తాను" అన్నాడు చివరికి. "సన్మానం ఆదివారం. సోమారం పొద్దున్న బస్సుకి వస్తాను. గానీ నువ్వు ఆ ముక్క రాసీయాలి. శివాజీ ఊరంతా సెప్పీసినాడు. ఇప్పుడు లేకపోతే, ఎందుకు లేదని సూస్తారు. ఆ కాళీ జాగాయే అందరికీ కనబడతాది. పద్మ తలెత్తుకోలేదు. అది రాసీయమ్మా, నాను వస్తాను."

ఆమె ఒప్పుకుంది. ఒక వాక్యం ఇచ్చి ఒక మనిషిని తెచ్చుకుంటున్నాననుకుంది. ఆ రాత కూడా తేలిగ్గా పోనివ్వలేదు. పదాలు పట్టి కూర్చునే పాత అలవాటు కొద్దీ, పత్రం మొత్తంలో ఆ వాక్యాన్నే అందరికీ గుర్తుండేలా రాసింది: "మద్యం నీడ కూడా సోకని ఈ తెల్లని జీవితం మన వృత్తికే ఉతికి ఆరేసిన వస్త్రం." రాశాక చదువుకుని బాగుందనుకుంది. ఆ అనుకున్నందుకు తనను తాను క్షమించుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం మైకులో ఆమే చదివింది. ఆ వాక్యం దగ్గర చప్పట్లు ఆగలేదు. శివాజీ మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివింది. ఒకామె లేచి నిలబడి, "ఇన్నావేట్రా?" అని మొగుణ్ణి జబ్బ మీద చరిస్తే హాలంతా నవ్వింది. ముందు వరసలో పద్మకుమారి నేలకేసి చూస్తూ కూర్చుంది. నరసింగరావు ఫ్రేము కట్టిన పత్రాన్ని రెండు చేతులా అందుకుని గుండెకు ఆనించుకున్నాడు. మధ్యాహ్నం కదా, చేతులు వణకలేదు.

ఆషాఢంలో ఆయన పోయాడు.

పచ్చకామెర్లు ముదిరాయన్నారు. పసరు మందు ఆలస్యంగా వేశారన్నారు. ఏ అలవాటూ లేని మనిషికి ఇలాంటి చావేమిటని సందంతా ముక్కున వేలేసుకుంది. శివాజీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కటింగు గదిని పద్మకుమారి ఒక్కతే శుభ్రం చేసింది. ఆ పూట తలుపు గెడేసుకుంది, రాణిని కూడా రానివ్వలేదు. తెల్లారేసరికి గోనెసంచి మూతి కుట్టి ఉంది, దారం ముడి గట్టిగా వేసి. అది ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. హాల్లో దండ వేసిన ఫొటో, దాని పైన సన్మాన పత్రం. గజపతినగరం వెళ్ళినా, అరసవల్లి వెళ్ళినా, దర్జీ కొట్లో తలెత్తితే లామినేషన్ చేసిన ఆ కాగితం శైలజకు ఎదురవుతుంది. తన వాక్యమే పెద్ద పెద్ద అక్షరాల్లో ఆమెను చదువుతుంటుంది.

కింది వాటాలో ఇప్పుడు కొడుకు ధర్మేంద్ర కరెంటు కత్తెర పెట్టాడు. అది ఒకే శ్రుతిలో గుర్రుమంటుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. అయినా ఆమె ఐదింటికే లేచి, ఆగే చోటు కోసం వింటూ ఉంటుంది.

పోయే ముందు నెలల్లో మెట్ల దగ్గర ఎదురైనా ఆయన తల పక్కకు తిప్పుకునేవాడు. ఆమెతో ఆయన ఆఖరుసారి మాట్లాడింది సన్మానం మర్నాడు, ఆ సోమవారమే. శైలజ ఆరుంపావుకల్లా ఆర్టీసీ కాంప్లెక్సులో ఉంది. సంచిలో రెండు నీళ్ళ సీసాలు, ఇడ్లీ పొట్లాలు, డాక్టరు పేరు రాసిన కాగితం. మొదటి బస్సు వెళ్ళింది. రెండోది వెళ్ళింది. మూడోది కదులుతుండగా ఫోను మోగింది. అవతల మొదట మాట లేదు. కత్తెర, పొట్టి పొట్టిగా. ఆగింది.

"మాస్టారూ, ఇంకా ఇంట్లోనే ఉన్నారా? నేనిక్కడే ఉన్నాను. ఎంతసేపైనా ఉంటాను. రండి."

"ఎలగొస్తానమ్మా?" అన్నాడు నరసింగరావు. "నాకే అలవాటూ లేదని నువ్వే రాసినావు గదా."